చేతులు చూసినవాళ్ళు

శనివారం సాయంత్రాలు నా పని
గుడిలో చిన్న గాజుగ్లాసులు కడగడం.
డెబ్భై రెండు. ఒక్కోటీ బొటనవేలంత.
ఉప్పు, నిమ్మచెక్క, వేడినీళ్ళు,
ఆపైన మెత్తటి పాత పంచెముక్క.
కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే
డాల్ఫిన్స్ నోస్ కొండ తలకిందులుగా కనిపించాలి.
అప్పటిదాకా తుడుస్తాను.

అయినా వన్‌టౌన్‌లో
ఏ తెలుపూ తెల్లారేదాకా ఆగదు.
పోర్టు బొగ్గుపొడి తలుపు తట్టి రాదు కదా.
ప్రభుబల్ల మీద పరిచిన గుడ్డపై
ఆదివారం పొద్దుటికి వేలితో పేరు రాయొచ్చు.
ముప్పై ఏళ్ళు ఆ పొడిని టన్నుల లెక్కన
లెడ్జరులో రాసినవాణ్ణి. నాకు తెలుసు.

బోర్డు రాసిందీ నేనే.
నా దస్తూరీ బావుంటుందన్నారు రత్నాకరంగారు.
"బల్లకు వచ్చువారు చేతులు శుభ్రముగా కడుగుకొని రావలెను."
నీలం మీద తెల్లక్షరాలు.
కింద కుళాయి, సబ్బుకో గిన్నె.
ఎవరి పేరూ పెట్టలేదు.
పెట్టకపోయినా
చదువుకోవలసినవాళ్ళు చదువుకున్నారు.

సూరాడ ఎస్తేరు చదువురాకుండానే చదువుకుంది.
ఫిషింగ్ హార్బర్‌లో చీకటితోనే వేలంపాట,
మిగిలిన కానాగంతల తట్టని గేటు బయట గోనెకింద దాచి,
పిల్లి లాగకుండా రాయి పెట్టి,
పరుగున వచ్చి వెనకబల్లలో కూర్చునేది.
"కడిగినాను బాబూ, మూడుసార్లు కడిగినాను.
సబ్బు అరిగిపోతంది గానీ
సముద్రం అరగదు కదా" అంది నాతో.
నేను గిన్నెలో కొత్త సబ్బు పెట్టాను.
అదే నా జవాబు.

ఆ తర్వాత ఆమె రావడం మానలేదు.
బల్ల దగ్గరికి రావడం మానేసింది.
గ్లాసులు డెబ్భై ఒకటి చాలాయి.
కానుకల సంచిలో ఆమె పదిరూపాయల నోటు మాత్రం
ఎప్పట్లాగే తడిగా వచ్చేది, ఓ పొలుసు అంటుకుని.
దాన్ని ఆరబెట్టి, మడత తీసి,
లెక్కలో కలిపాం.
నోటు మాకు ఎన్నడూ వాసన రాలేదు.

నిన్న ఆదివారం పాఠం చదవడం నా వంతు.
యెరూషలేము నుంచి శాస్త్రులూ పరిసయ్యులూ వచ్చారు.
ఎన్నోసార్లు చదివిన చోటే.
కానీ ఈసారి ఆ దూరం దగ్గర నా నాలుక ఆగిపోయింది.
అంత దారి, రాళ్ళదారి,
చెప్పుల్లో ఇసక, ముఖాన ఎండ,
ఎదురుగా జబ్బుపడి లేచినవాళ్ళు నవ్వుతూ నిలబడి ఉండగా
వాళ్ళు వంగి
రొట్టె పట్టుకున్న వేళ్ళు చూశారు.

కడుక్కోవడం తప్పని ఆయన అనలేదు.
నీళ్ళు ఆయనవే.
ఎటు చూస్తున్నారు మీరు, అదొక్కటే అడిగాడు.
మనిషిని మైలపరిచేది పళ్ళెంలోంచి రాదు,
ఇంకా లోపలినుంచి వస్తుందన్నాడు.
నాలో అది
గుండ్రటి దస్తూరీతో,
నీలం మీద తెలుపుగా వచ్చింది.

పరిసయ్యుడంటే
పొడుగు అంగీ, గడ్డం అనుకున్నాను ఇన్నాళ్ళూ.
పింఛను వస్తుందనీ
గ్లాసులు బాగా తుడుస్తాడనీ అనుకోలేదు.

ఆరాధన అయ్యాక స్క్రూడ్రైవరు తెచ్చాను.
ఉప్పుగాలికి మేకులు గోడతో ఒకటైపోయాయి.
నాలుగింట్లో ఒకటే ఊడింది.
బోర్డు పక్కకి ఒరిగి వేలాడుతోంది,
అక్షరాలు ఇంకా చక్కగా కనిపిస్తున్నాయి.
రత్నాకరంగారు కారెక్కుతూ చూశారు. ఏమీ అనలేదు.
వచ్చే కమిటీలో అంటారు.

తట్ట ఎత్తుకోబోతూ ఎస్తేరు ఆగింది.
నా అరచేతుల నిండా తుప్పు, నెత్తురు చార.
"ఏటి బాబూ ఆ సేతులు!" అని నవ్వి,
కుళాయి తిప్పబోయి, మళ్ళీ ఏమనుకుందో,
తన కొంగుతోనే తుడిచింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను.
వేళ్ళకి కానాగంతల వాసన.
కడుక్కోవాలా వద్దా
అని చాలాసేపు ఆలోచించాను.